చెట్టు కిందికి వెళ్లాలా, వద్దా?

మే నెల వాతావరణ బులెటిన్‌లో ఎప్పుడూ రెండు ముక్కలుంటాయి. మొదటిది ఎండ గురించి. ఫలానా జిల్లాల్లో 43 నుంచి 45 డిగ్రీలు నమోదయ్యే అవకాశం, వడగాడ్పులు వీస్తాయి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా బయటికి రావద్దు, తప్పదనుకుంటే నీడపట్టున ఉండండి. రెండోది వాన గురించి. సాయంత్రానికి ఉరుములు, మెరుపులతో మోస్తరు వర్షం, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు, అక్కడక్కడ పిడుగులు పడవచ్చు, చెట్ల కింద నిలబడొద్దు.

విడివిడిగా వింటే రెండూ సరైన సలహాలే. ఒకే రోజున, ఒకే మనిషి, అదీ ఊరికి దూరంగా పొలంలో ఉన్న మనిషి వింటే మాత్రం చిక్కొచ్చి పడుతుంది. ఎండ దెబ్బకు భయపడి కష్టమైన పనిని సాయంత్రానికి జరుపుకుంటే, పిడుగులు పడే వేళ సరిగ్గా అదే. మధ్యాహ్నం ఏ వేపచెట్టు కిందికి వెళ్లి ప్రాణం నిలుపుకోమన్నారో, నాలుగున్నరకి ఆ చెట్టు కిందే నిలబడొద్దంటున్నారు. మరి ఎక్కడికి వెళ్లాలి? బులెటిన్‌లో ఆ మాట ఉండదు.

వాతావరణ శాఖను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మన దగ్గర సూచనలు గత పదిహేనేళ్లలో ఎంత మెరుగయ్యాయో రోజూ రాడార్ బొమ్మ చూసే నాలాంటి వాళ్లకు బాగా తెలుసు. నేను చెప్పదలుచుకున్నది వేరే. ఎండ, గాలివాన అనేవి రెండు వార్తలు కావు. ఒకే వార్తకు మధ్యాహ్నం భాగం ఒకటి, సాయంత్రం భాగం ఒకటి. వాటిని విడదీసి చెబుతూ పోతే, విన్నాక ఏం చేయాలో తేల్చుకునే భారమంతా చేతిలో ఏమీ లేని వాళ్ల నెత్తిన పడుతుంది.

ముందు పైన ఏం జరుగుతుందో చూద్దాం. ఏప్రిల్, మే నెలల్లో విదర్భ వైపునో, మరాఠ్వాడా వైపునో మొదలై తెలంగాణ, కర్ణాటకల మీదుగా తమిళనాడు దాకా ఒక ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, సాగి ఉంటుంది. "సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో ద్రోణి కొనసాగుతోంది" అని వార్తల్లో చదివేది దీని గురించే. దానికి పడమర పక్కన దక్కన్ పీఠభూమి మీద కాగిన పొడి గాలి. తూర్పు పక్కన బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి. ఈ రెండూ ఎదురుపడే చోటు రోజూ కొంత అటో ఇటో జరుగుతుంటుంది. ఒక రోజు నిజామాబాద్, ఇంకో రోజు ఖమ్మం, మర్నాడు కర్నూలు. ఆ సాయంత్రం మబ్బులు ఎటు లేస్తాయన్నది చాలావరకు దీన్ని బట్టే ఉంటుంది.

ఎండ, తేమ రెండూ ఉన్నా ప్రతిరోజూ వాన రాదు. నేలకు కిలోమీటరో రెండు కిలోమీటర్లో పైన వేడిగా, పొడిగా ఉండే గాలి పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. కింద కాగిన గాలి పైకి లేవబోయి, అక్కడ చుట్టూ ఉన్నది తనకంటే వేడిగా ఉండటంతో ఆగిపోతుంది. గిన్నె మీద మూత పెట్టినట్టు. ఆ మూత బిగుతుగా ఉన్న రోజు ఆకాశంలో మబ్బు తునక కూడా కనపడదు, ఎండ మాడ్చేస్తుంది. కింద తేమ పెరిగో, ద్రోణి దగ్గరికొచ్చో అది ఎక్కడో ఒకచోట లేచిందంటే, పొద్దుటి నుంచి పోగైన వేడి, తేమ అంతా ఆ చోటు నుంచే పైకి తన్నుకొస్తుంది. గంట తిరక్కుండా క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తు కూడా దాటి.

ఇక్కడే నా వాదనకు మొదటి ఆధారం. సాయంత్రం కురిసే ఆ వాన ఎండకు విరుగుడుగా ఎక్కడినుంచో రావడం లేదు. పొద్దుట నుంచి మన వీపుల్ని కాల్చిన వేడే దానికి బలం. "ఎండ దంచుతోంది, సాయంత్రానికి వాన కొట్టేట్టుంది" అని పెద్దవాళ్లు అంటుంటారే, అది ఉత్త మాట కాదు. మబ్బు లోపల ఐదు కిలోమీటర్ల పైన అంతా గడ్డకట్టే చలి. అక్కడ మంచు పలుకులు, చిన్న చిన్న మంచు ఉండలు ఒకదానికొకటి రాసుకుని విద్యుదావేశం విడిపోతుంది, మెరుపు పుడుతుంది. ఆ ఉండలే పైకీ కిందికీ ఎగిరి మంచు పేరుకుంటే వడగళ్లు. వాన చినుకులు పొడి గాలిలోంచి పడుతూ కొంత ఆవిరైపోయి, ఆ గాలిని చల్లబరిచి బరువెక్కిస్తే, అది ఒక్కసారిగా కిందికి దూకి నేలమీద నలువైపులా పరుచుకుంటుంది. గాలిదుమారం అంటే అదే. ఎండ, ఈదురుగాలి, పిడుగు, వడగళ్లు, వీటి పుట్టుక అంతా ఒక్కచోటే.

ఆ చల్లగాలి గురించి ఇంకొంచెం చెప్పాలి. రోజంతా ఉడికిపోయిన ఒంటికి అది తగలగానే ప్రాణం లేచొస్తుంది. తడిసిన మట్టి వాసన కూడా మోసుకొస్తుంది. పిల్లలు డాబాల మీదికి పరిగెడతారు, పెద్దవాళ్లు కుర్చీలు వాకిట్లో వేసుకుంటారు. మన మీద చినుకు పడదు, ఉరుము దూరంగా వినపడుతుంటుంది. కానీ ఆ గాలి మన దాకా వచ్చిందంటే మబ్బు చాలా దగ్గరలో ఉందని. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడటానికి పట్టే ప్రతి మూడు సెకన్లకూ ఒక కిలోమీటరు లెక్క. ముప్ఫై సెకన్ల లోపు వినపడితే పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు, ఇంట్లోకి వెళ్లాల్సిందే. వాన పడని చోట, పైన ఆకాశం నీలంగా ఉన్నచోట కూడా పక్కన ఉన్న మబ్బు నుంచి పిడుగు పడుతుంది. హాయిగా ఉందని అందరం బయటికొచ్చే ఆ అరగంటే రోజు మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. అంతకు ముందటి ఏడాది మే నెల మొత్తం మీద పడ్డవి ముప్ఫై వేల పైచిలుకు. ఒక్కరోజులో నెల లెక్క దాటేసింది. అప్పుడు కూడా అరేబియా సముద్రం వైపు నుంచి వచ్చిన చల్లగాలులు ఉత్తర భారతం వైపు నుంచి వచ్చిన వేడిగాలితో కలిసినందువల్లే మబ్బులు ఆ స్థాయిలో లేచాయని అధికారులు చెప్పారు. ఆ సంఖ్య ప్రపంచమంతా వార్తయింది. పిడుగు పడబోతోందని ముందే చెప్పే ఏర్పాటు మాత్రం అప్పటికే మన రాష్ట్రంలో ఉందన్న సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఏర్పాట్లు నిజంగానే ఉన్నాయి. హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నంలలో మబ్బుల జాడ, కదలిక పట్టే డాప్లర్ రాడార్లున్నాయి. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఆంధ్రలో విపత్తు నిర్వహణ సంస్థ ఏ మండలంలో వడగాడ్పులు, ఏ మండలంలో తీవ్ర వడగాడ్పులు అని రోజూ పేర్లతో సహా ప్రకటిస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్ మన చుట్టూ ఇరవై, నలభై కిలోమీటర్ల పరిధిలో పిడుగుల జాడ చెబుతుంది.

వీటిలో ఏది ఎంత దూరం చూడగలదో తెలుసుకోవడం చాలా అవసరం. ఏప్రిల్ మొదట్లో వచ్చే మూడు నెలల అంచనా ఈ వేసవి మామూలు కంటే ఎక్కువ వేడిగా ఉండే అవకాశం ఎంతో చెబుతుంది, అంతే. ప్రతి గురువారం వచ్చే బులెటిన్ రాబోయే రెండు మూడు వారాల పోకడ చెబుతుంది. ఐదారు రోజుల సూచన ద్రోణి ఎక్కడుంటుందో, తేమ ఎటునుంచి వస్తుందో, ఏ జిల్లాకు పసుపు రంగు హెచ్చరికో (గమనిస్తూ ఉండమని), ఏ జిల్లాకు నారింజ రంగు హెచ్చరికో (సిద్ధంగా ఉండమని) చెబుతుంది. మూడు గంటల ముందు వచ్చే హెచ్చరిక రాడార్‌లో అప్పటికే కనపడుతున్న మబ్బు ఎటు కదులుతోందో చూసి ఇచ్చేది. ఒక్కో మబ్బు బతికేది అరగంట నుంచి గంట. వెడల్పు పది కిలోమీటర్లో ఇంకొంచెమో. కాబట్టి "రేపు మా ఊళ్లో ఎన్నింటికి పడుతుంది?" అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగల శాస్త్రవేత్త ఎక్కడా ఉండడు. రేపు సాయంత్రం మీ జిల్లాలో కొన్నిచోట్ల పడుతుందని ముందు రోజు చెప్పగలరు. మీ మండలం వైపు వస్తోందని గంటా రెండు గంటల ముందు చెప్పగలరు.

"రోజూ ఫోన్ మోగుతుంది, చినుకు రాలదు" అని విసుక్కునే వాళ్లతో నేను ఒప్పుకోనిది ఇక్కడే. పక్క మండలంలో పడింది కదా. జిల్లా మొత్తానికి ఒకే మెసేజ్ వస్తే పడని ఊళ్లే ఎక్కువ ఉంటాయి, అది హెచ్చరిక తప్పు కావడం కాదు. జిల్లాలు చిన్నవయ్యాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది కూడా. తెలంగాణలో పది జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 2022లో పదమూడు 26 అయ్యాయి. పరిపాలన కోసం గీసిన గీతలే అయినా, మెసేజ్ అందుకునే మనిషికి అది మేలే చేసింది. ఇంకా మేలు జరగాలంటే మెసేజ్ మండలం పేరుతో, అర్థమయ్యే తెలుగులో, ఎన్నింటి దాకా అన్న గడువుతో రావాలి.

అయితే మెసేజ్ ఎంత బాగా వచ్చినా తీరని సమస్య ఒకటుంది. అది నేను దగ్గరగా చూశాను.

సూర్యాపేట జిల్లాలో మా బంధువుల ఊరికి యాసంగి కోతల సమయంలో వెళ్లినప్పుడు, కొనుగోలు కేంద్రం దగ్గర వడ్ల కుప్పలు వరసగా ఉన్నాయి. తేమ పదిహేడు శాతానికి తగ్గితేనే కాంటా వేస్తారు. అందుకని పొద్దుటి నుంచి ఆడవాళ్లు వడ్లు పలచగా పరిచి, వాటిలో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచి తిరగబెడుతున్నారు. నెత్తిన తడి తువ్వాలు, పాదాలకు ఏమీ లేవు. ఎండ వాళ్లను మాడుస్తోంది, ఆ ఎండే వాళ్ల వడ్లను ఆరబెడుతోంది. కాబట్టి దాన్ని తిట్టుకునే వాళ్లు కూడా లేరు. మూడున్నరకి పడమర వైపు ఆకాశం సీసం రంగుకు తిరిగింది. ముందు గాలి ఆగిపోయింది. తర్వాత ఉన్నట్టుండి దుమ్ము లేచింది. అందరూ టార్పాలిన్ పట్టాల కోసం పరుగు. గాలికి పట్టా తెరచాపలా లేస్తుంటే నాలుగు మూలలా నలుగురు పట్టుకుని, మీద రాళ్లు, నిండు బస్తాలు పెడుతున్నారు. చుట్టూ ఎత్తయినది ఏదీ లేని మైదానం. పైన మెరుపులు. ఒక్కరంటే ఒక్కరు కూడా గదిలోకి పోలేదు.

వాన వెలిశాక ఒక పెద్దాయన జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. హెచ్చరిక మెసేజ్ మబ్బు రాకముందే వచ్చింది. "వచ్చింది బిడ్డా, సూసిన. వడ్లిడిసిపెట్టి యాడికి పోవాలె?" అన్నాడు.

ఆయన మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. 2024-25లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. నలభై క్వింటాళ్ల కుప్ప అంటే 92 వేలు. ఆరు నెలల కష్టం, తీర్చాల్సిన అప్పు అందులోనే ఉన్నాయి. ఆ కుప్పను గాలికి వదిలేసి లోపలికి వెళ్లమని ఏ యాప్ చెప్పినా ఆయన వెళ్లడు. నేనైనా వెళ్లను. అవగాహన లేక అక్కడ నిలబడ్డాడని మనం అనుకుంటే అది చాలా పెద్ద అన్యాయం. ఆయనకు ప్రమాదం తెలుసు. ఆగే వీలు లేదు. ముందు రోజు నారింజ రంగు హెచ్చరిక వచ్చినప్పుడే ఆ కేంద్రంలో కాంటా వేగం పెంచి, చాలినన్ని పట్టాలు మధ్యాహ్నానికే తెచ్చి పెట్టి, మూడింటికల్లా కుప్పలు చేసి కప్పించి ఉంటే, మూడున్నరకు ఆయన మైదానంలో కాక గది లోపల కూర్చుని ఉండేవాడు. ఇరవై నాలుగు గంటల ముందు తెలిసిన సంగతిని ఇరవై నిమిషాల్లో ఆయన ఒక్కడే మోయాల్సి వచ్చింది.

గది లోపల అన్నాను కాబట్టి గోడల సంగతి కూడా. పిడుగు పేరు చెబితే అందరికీ భయం, గాలికి అంత భయపడం. 2024 మే 7న హైదరాబాద్‌లో సాయంత్రం కురిసిన వానకు బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ గోడ కూలి, దాని పక్కనే ఉంటున్న వలస కూలీల కుటుంబాల్లో ఏడుగురు చనిపోయారు. అదే నెల 26న తెలంగాణలో వీచిన గాలిదుమారానికి పది మందికి పైగా పోయారు, నాగర్‌కర్నూల్ జిల్లాలో కట్టుబడిలో ఉన్న ఒక కోళ్ల షెడ్డు కూలి చనిపోయిన వాళ్లు అందులో ఉన్నారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం రోజు తెల్లవారుజామున గాలివానకు క్యూలైన్ పక్కన కొత్తగా కట్టిన గోడ పడి ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు.

గాలి వేగం గంటకు యాభై నుంచి డెబ్భై కిలోమీటర్లకు పెరిగితే గోడ మీద పడే ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సిమెంటు ఇంకా గట్టిపడని గోడ, ఆధారం లేని రేకుల షెడ్డు, మట్టి నాని బరువెక్కిన ప్రహరీ, ఇవి నిలబడవు. వీటి ముందు నిలబడొద్దని చెప్పడానికి ప్రత్యేకంగా పరిశోధన అవసరం లేదు. గాలివాన సీజనులో కొత్త గోడకు ఆనుకుని కూలీల గుడిసెలు వేయనివ్వకూడదు, జనం గుమికూడే చోట కొత్త గోడ కట్టకూడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ రెండు నియమాలు గట్టిగా పాటించినా ఎంతోమంది బతికి ఉండేవారని నా గట్టి నమ్మకం.

వాన పడితే చల్లబడుతుంది కదా, అదైనా మేలే కదా అనేవాళ్లున్నారు. ఆ రాత్రికి కొంచెం చల్లబడుతుంది, నిజమే. మర్నాడు పదింటికల్లా ఎండ మళ్లీ వస్తుంది, ఈసారి నేలలోంచి లేచే తేమతో కలిసి. మన ఒళ్లు చల్లబడేది చెమట ఆరితేనే. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందే గానీ ఆరదు. రామగుండంలో పొడిగా ఉండే 43 డిగ్రీల కంటే, వాన పడ్డ మర్నాడు విజయవాడలో ఉక్కపోతతో కూడిన 40 డిగ్రీలు ఒంటిని ఎక్కువ దెబ్బతీయగలవు. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40, తీరంలో 37 డిగ్రీల నుంచే వడగాడ్పు లెక్క మొదలుపెట్టేది ఊరికే కాదు.

దీనికి తోడు కరెంటు. గాలిదుమారానికి స్తంభాలు ఒరుగుతాయి, చెట్లు తీగల మీద పడతాయి. రాత్రంతా ఫ్యాను తిరగదు. రేకుల ఇంట్లో, ఒకటే కిటికీ ఉన్న గదిలో, ముసలివాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు ఆ ఉక్కలో తెల్లవార్లూ కూర్చునే ఉంటారు. పగలు వేడెక్కిన ఒళ్లు తేరుకోవాల్సింది రాత్రే. ఆ రాత్రి కూడా తేరుకోకపోతే రెండో రోజు ఎండ మొదటి రోజు కంటే చాలా చెడ్డది. మూడో రోజు ఆసుపత్రిలో చేరిన మనిషి లెక్క ఎందులో రాస్తారు? ఎండలోనా, గాలివానలోనా? చాలాసార్లు రెండింటిలోనూ రాయరు. గుండెపోటు అని రాస్తారు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో పిడుగుపాటుకు చనిపోయినవాళ్లు 2,887 మంది, వడదెబ్బకు చనిపోయినవాళ్లు 730 మంది. పిడుగు మరణం కళ్లముందు జరుగుతుంది, సాక్షులుంటారు, పోలీసులు రాసుకుంటారు. ఎండ మరణం మంచం మీద జరుగుతుంది. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు, వాళ్లలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. ఆ ఏడాది అంతమందిని లెక్కపెట్టగలిగాం అంటే, మిగతా ఏళ్లలో లెక్కకు రానివాళ్లు ఎందరో అనిపిస్తుంది నాకు.

ప్రభుత్వ జాబితాల్లో కూడా ఇదే విడదీత. 2021-26 కాలానికి కేంద్రం గుర్తించిన విపత్తుల్లో వడగళ్ల వాన ఉంది. వడగాడ్పు లేదు, పిడుగు లేదు. ఒకే మబ్బులోంచి వడగళ్లు పడి పంట పోతే కేంద్రం నిబంధనల ప్రకారం సాయం వస్తుంది, దాని పక్కనే పిడుగు పడి మనిషి పోతే ఆ జాబితాలో చోటు లేదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పది శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు, అలా వాడుతున్నాయి కూడా. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. మంచి పని. కానీ అది పోయిన మనిషికి ఇచ్చే డబ్బు. మనిషి పోకుండా ఒక పూట పని ఆపితే ఆ పూట కూలి ఎవరిస్తారన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. ఉద్యోగులం ఏసీ గదిలో కూర్చుని నారింజ రంగు చూసి ఇంట్లో ఉండిపోగలం. అడ్డా మీద నిలబడే మేస్త్రీ, చెరువు పూడిక తీసే కూలి, సంచి వీపున వేసుకుని బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడు ఉండలేరు. వాళ్లకు ఆగిన ప్రతి గంటా కూలి కోతే.

"వారానికి నాలుగు రోజులు హెచ్చరికలే ఉంటే పనులన్నీ ఆపేసుకోవాలా?" అని అడుగుతారు. అక్కర్లేదు. మబ్బు మన మీది నుంచి వెళ్లిపోవడానికి పట్టేది గంట లోపే, చివరి ఉరుము విన్నాక ఇంకో ముప్ఫై నిమిషాలు ఆగితే చాలు. రోజు మొత్తం మీద గంటన్నర. తెల్లవారి ఐదున్నర నుంచి పదిన్నర దాకా పని పెట్టుకుంటే ఎండా, పిడుగూ రెండూ తప్పుతాయి. మిగిలిన పని సాయంత్రం చేయాలనుకుంటే మూడు గంటల హెచ్చరిక చూసుకునే దిగాలి, ఆ హెచ్చరిక ఉన్నప్పుడు ఆపేసిన గంటకు కూలి కోయకూడదు. పొద్దుట పని, మధ్యాహ్నం నీడ, సాయంత్రం హెచ్చరిక చూసుకుని పని. ఈ మూడూ ఒకే కాగితం మీద, ఒకే బులెటిన్‌లో, గంటల లెక్కన ఉండాలి. ఎండకు ఒక సలహా, పిడుగుకు ఒక సలహా వేరువేరుగా ఇచ్చి సర్దుకోమనడం ఆగాలి.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలామంది వెనక్కి తగ్గుతారు. కొట్టదు. ఒంట్లో కరెంటు ఏమీ మిగలదు. ఊపిరి, గుండె ఆగితే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయాలి. వడదెబ్బ తగిలి మాట తడబడుతున్న మనిషికి నోట్లో నీళ్లు పోయడం కంటే ముందు ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి, ఆ తర్వాత ఆసుపత్రికి. ఇవి కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

ఇక చెట్టు సంగతి. ఎండకు చెట్టు నీడ చాలు, పిడుగుకు నాలుగు గోడలు, పైకప్పు ఉన్న పక్కా గది కావాలి. అద్దాలు మూసిన కారో బస్సో అయినా పరవాలేదు, క్యాబిన్ లేని ట్రాక్టరు పనికిరాదు, పొలంలోని గడ్డి పాక అంతకన్నా పనికిరాదు. తెలంగాణలో కట్టిన 2,601 రైతు వేదికలు మంచి కట్టడాలే గానీ ఒక్కోదాని కింద ఐదు వేల ఎకరాల దాకా ఉంటుంది, ఉరుము విన్నాక అంత దూరం పరిగెత్తి చేరుకోలేరు. అయితే దాదాపు ప్రతి ఊళ్లో ఒక పక్కా భవనం ఉంది, పిడుగుల కాలమంతా అది ఖాళీగానే ఉంటుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు వేసవి సెలవులు. ఆ యాభై రోజులూ మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి దాకా రెండు గదులు తెరిచి, ఒక కుండలో నీళ్లు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టి, తాళం ఎవరి దగ్గరుందో గ్రామపంచాయతీ బోర్డు మీద రాయించడానికి ఏ కేంద్ర జాబితా మారాల్సిన పనిలేదు. కలెక్టరు ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు. వచ్చే వేసవి సెలవులకు ముందే ఆ కాగితం రావాలి.